మా మరిది ఏడాది ఈత

మా మరిది ఈదుతానని ప్రకటించిన రోజు నేను పగలబడి నవ్వాను. భోజనాల బల్ల దగ్గర అందరూ ఉన్నారు. బల్ల కింద మా ఆయన నా కాలు తొక్కుతూనే ఉన్నాడు, అయినా నేను ఆగలేదు.

"ఏడాది పొడవునా వదినా!" అన్నాడు మరిది, చేతులు రెండూ బార్లా చాపి. "ప్రతి శనివారం ఒక కొత్త చోటు. చెరువు, నది, కాలువ, సముద్రం, రాళ్ళు తవ్వి వదిలేసిన గుంత, ఏదైనా సరే. స్విమ్మింగ్ పూల్ మాత్రం కాదు. పైన ఆకాశం ఉండాలి. వచ్చిన విరాళాలన్నీ కిడ్నీ జబ్బు వాళ్ళకే. అన్నయ్యలాంటి వాళ్ళకి."

అన్నయ్య, అంటే మా ఆయన, అక్కడే ఉన్నాడు. ఎదురుగా చిన్న గ్లాసు పెట్టుకుని, ఆ పూటకి తన వంతు నీళ్ళలో ఇంకో గుక్క తాగాలా, పడుకునే ముందుకి దాచుకోవాలా అని చూసుకుంటున్నాడు. డయాలసిస్ మనిషికి నీళ్ళు కూడా మందులాగే కొలిచి ఇస్తారు.

"నవ్వెందుకు వదినా?" అన్నాడు మరిది, కాస్త ముఖం ముడుచుకుని.

"ఏం లేదు చిన్నోడా. జబ్బు మీ అన్నకి, ఈత నీకు. మధ్యలో సంబంధమేమిటా అని వెతుక్కుంటున్నాను."

"అవేర్‌నెస్ వదినా, అవేర్‌నెస్!"

ఇంట్లో వాడు చిన్నోడే. నడివయసు వచ్చింది, ఫర్నిచర్ షోరూములో మేనేజరు, కింద బోలెడుమంది పనిచేస్తారు, అయినా చిన్నోడే. పక్కన మా తోడికోడలు అప్పటికే ఫోనులో వీడియో తీస్తోంది. "అక్కా, జనం ఊరికే ఇవ్వరు. ఎవరో ఒకళ్ళు కష్టపడుతుంటే చూసి ఇస్తారు," అంది.

"కష్టపడేవాళ్ళని చూడాలంటే డయాలసిస్ వార్డుకి రమ్మను. టిక్కెట్టు కూడా లేదు," అన్నాను. మా ఆయన ఈసారి కాలు గట్టిగానే తొక్కాడు.

నా మంటకి కారణం చెప్పాలి కదా. లేకపోతే ఏమిటీ గయ్యాళి, పాపం మంచి పని చేస్తున్నవాణ్ణి పట్టుకుని ఆడిపోసుకుంటోంది అనుకుంటారు. మా ఆయన కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించే పని ఆయనది. వారానికి మూడు పూటలు అది మానుకుని ఆసుపత్రిలో కుర్చీకి అతుక్కుని కూర్చుంటాడు, ఒంట్లో రక్తమంతా మెషినులోకి వెళ్ళి కడిగించుకుని వస్తుంది. ఇది ఎల్లకాలం జరిగేది కాదు, కొత్త కిడ్నీ పెట్టడమే దారి అని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పేసింది. నేను ఇస్తానన్నాను, నా రక్తం గ్రూపు కుదరలేదు. అత్తమామలు లేరు. ఉన్నది ఒక్కగానొక్క తమ్ముడు. ఒకే గ్రూపు, దుక్కలాంటి మనిషి, జలుబు కూడా సరిగ్గా చెయ్యదు. "మీ తమ్ముణ్ణి ఒకసారి పరీక్షలకి తీసుకురండి. కౌంటర్లో చెబితే చాలు, ఆ రోజే మొదలుపెడతారు," అంది డాక్టరమ్మ.

ఆ మాట అన్నప్పుడు మరిది ఎక్కడున్నాడనుకున్నారు? ఆ గదిలోనే, నా పక్క కుర్చీలోనే. "తప్పకుండా డాక్టర్ గారూ," అన్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని. పరీక్షలకి రాలేదు. ఈత ప్రకటన మాత్రం వచ్చింది.

అడిగేస్తే పోలా అంటారు. అక్కడే ఉంది మా ఇంటి రోగం. ఈ అన్నదమ్ముల్ని మా మామగారు పెంచిన తీరు అది. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు కూడా అడగకూడదు, ఎంత దాహమేసినా సరే. వాళ్ళంతట వాళ్ళు ఇస్తే తాగాలి, లేకపోతే మూసుకుని ఇంటికి రావాలి. చెయ్యి చాపడమంత తలవంపులు ఇంకోటి లేదు ఆ వంశానికి. మా ఆయన పెళ్ళైన కొత్తలో ఇంకాస్త కూర వెయ్యమని అడగడానికి సిగ్గుపడి ఆకలితో లేచిపోయేవాడు. అలాంటి మనిషి తమ్ముడి ఒంట్లోంచి కిడ్నీ అడుగుతాడా! అడగడు. పైగా నన్ను అడగనివ్వడు. డాక్టరమ్మ గది నుంచి ఇంటికొచ్చాక నా చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు.

"వాడికి తెలుసు. ఇవ్వాలనిపిస్తే వాడే ఇస్తాడు. నువ్వు నోరు తెరిచి అడిగావో, నా మీద ఒట్టే."

"మీ పరువు తగలెయ్య! చస్తే పరువుతో ఏం చేసుకుంటారండీ?" అన్నాను. ఆయన ప్రాణం నిలబెట్టడానికి అడగాలి, అడిగితే ఆయన ప్రాణం మీదే ఒట్టు. ఇదీ నా బతుకు.

మాది ప్రింటింగ్ షాపు. ముందు గదిలో నేనూ నా కంప్యూటరూ, వెనక గదిలో పెద్ద మెషినూ ఇంకు వాసనా, ఆ మెషిను నడిపే ఊఁకొట్టు బాబాయి. ఏం చెప్పినా "ఊఁ" తప్ప ఇంకో మాట రాదు గనక ఆయనకా పేరు. బ్యానర్లు, పోస్టర్లు, స్టిక్కర్లు, ఏదైనా వేస్తాం. మరి సొంత వదినకి ప్రింటింగ్ షాపు ఉండగా ఊరందరికీ తెలియాల్సిన మహానుభావుడు ఇంకెక్కడికి పోతాడు? ఏడాదంతా వాడి బొమ్మలు నా చేతుల మీదుగానే పోయాయి. గాగుల్స్‌తో వాడు, టోపీతో వాడు, నీళ్ళలోంచి పైకి లేస్తూ వాడు. అప్పుడప్పుడూ మూలన చిన్నగా, అనాథలా, ఒక కిడ్నీ బొమ్మ.

మా పనిలో ఒక అలవాటుంది. బ్యానర్ సైజూ బొమ్మలూ ముందే వచ్చేస్తాయి, అచ్చెయ్యాల్సిన మాటలు, మా భాషలో మాటర్, మాత్రం చివరి నిమిషం దాకా రావు. అలాగని ఆ చోటు ఖాళీగా వదిలేస్తే అక్షరాలు ఎంత పెద్దవి పడతాయో, లైను ఎక్కడ విరుగుతుందో తెలియదు. అందుకని నోటికొచ్చింది ఏదో ఒకటి కొట్టి పెడతాను. అసలు మాటర్ రాగానే అది తీసేస్తాను. బట్టల షాపు బ్యానర్ మీద "రెండు ఉతుకులకి వెలిసిపోవును" అని, లావు తగ్గించే సెంటరు బోర్డు మీద "ముందు మా ఓనరు తగ్గాలి" అని కొట్టిన రోజులున్నాయి. ఎవరూ చూడరు గనక అదో సరదా.

మరిది బ్యానర్లు మొదలయ్యాక సరదా పోయింది, అవసరం మొదలైంది. నోటితో అడగకూడనిదంతా అక్కడ కొట్టేదాన్ని. "తమ్ముడికి చెరువులు, అన్నకి చెంచాలు" అని ఒకసారి. "దమ్ముంటే ఆసుపత్రిలో దూకు" అని ఇంకోసారి. తోడికోడలు దగ్గర్నుంచి "ఒక్కో అల, ఒక్కో ఆశ" లాంటి మాటర్ వచ్చేది. నాది తీసేసి దాన్ని పెట్టేదాన్ని. కొట్టినంతసేపూ మంట కాస్త చల్లారేది.

వాడు నిజంగా ఈదాడా అంటే, ఈదాడు. ఆ మాట అబద్ధం చెప్పను. చలికాలంలో పొగమంచు పట్టిన చెరువులో దిగి, పెదాలు నల్లబడేదాకా ఈదాడు. విరాళాలు నిజంగానే వచ్చాయి, నిజంగానే ఆసుపత్రికి చేరాయి. ఆ డబ్బుతో డయాలసిస్ వార్డుకి కొత్త కుర్చీలు కొన్నారు, వెనక్కి వాలేవి, మెత్తటివి. ప్రతి కుర్చీకీ తలవైపు ఒక స్టిక్కరు, దాని మీద గాగుల్స్ పెట్టుకుని పళ్ళికిలిస్తున్న మా మరిది, కింద "మీ కోసం ఈదుతున్నాను". ఆ స్టిక్కరు వేసింది నేనే. వారానికి మూడు పూటలు మా ఆయన దాని కింద తలపెట్టి పడుకుంటాడు. చూసొచ్చిన ప్రతిసారీ నాకు పళ్ళు పటపటలాడేవి.

"కుర్చీ బాగుంది కదా. నడుం నొప్పి రావట్లేదు," అనేవాడు మా ఆయన.

"ఔనౌను. కుర్చీ ఇచ్చాడు. ఇవ్వాల్సింది తప్ప అన్నీ ఇస్తాడు."

"నీకెందుకంత కడుపుమంట? వాడివల్ల పదిమందికి మేలు జరుగుతోంది."

"పదకొండోవాడు మీరు. అదీ నా మంట."

వేసవి ముందు ఒకసారి సముద్రంలో దిగడానికి ఆరోగ్యంగా ఉన్నట్టు సర్టిఫికెట్టు కావాలన్నారట. ఒళ్ళంతా పరీక్షలు చేయించుకుని నేరుగా నా షాపుకి వచ్చాడు. అన్నకోసం చేయించుకోమంటే తీరిక లేదు, సముద్రం కోసమైతే దొరికింది. "పోస్టరు వెయ్యి వదినా. గుండె ఉక్కు, ఊపిరితిత్తులు ఉక్కు, కిడ్నీలు ఉక్కు. పెద్ద అక్షరాలు!"

"రెండూనా?" అన్నాను కంప్యూటర్‌లోంచి తల తిప్పకుండా.

"ఏవి?"

"కిడ్నీలు."

"రెండూ వదినా! డాక్టరే నోరెళ్ళబెట్టాడు!" అని నవ్వాడు. తర్వాత నా వంక చూశాడు. నా ముఖంలో ఏం కనబడిందో గానీ, మోగని ఫోను చెవికి ఆనించుకుని "హలో, హలో" అనుకుంటూ వెళ్ళిపోయాడు. నేను అడగలేదు. రెండూనా అనడం అడగడం కిందికి రాదు.

ఏడాది చివరికొచ్చేసరికి మా ఆయనకి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. రెండుసార్లు కుర్చీలోనే కళ్ళు తేలేశాడు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "గుండె మీద పడుతోందమ్మా. ఇంకొన్నాళ్ళు ఇలాగే నాన్చితే, కిడ్నీ దొరికినా ఆపరేషన్ తట్టుకునే గుండె ఉండదు." ఆ ముక్క మరిదికి ఫోన్ చేసి చెప్పాను. అడగలేదు, సమాచారం చెప్పాను. "ఈ ఏడాది ఛాలెంజ్ పూర్తి కానీ వదినా. మాట ఇచ్చేశాను కదా. అది అయిపోగానే కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు. నేను వెర్రిదాన్ని, కాస్త ఆశ పడ్డాను.

ఆ ఆశ చివరి బ్యానర్ పని వచ్చేదాకా ఉంది. ఆఖరి ఈత మా ఊరి పెద్ద చెరువులోనే. వాడు ఒడ్డెక్కగానే రెండు స్తంభాల మధ్య చుట్టి కట్టిన బ్యానర్ తాడు లాగితే కిందికి జారాలి, జనం చప్పట్లు కొట్టాలి. తోడికోడలు బొమ్మలు పంపింది. ఒక బొమ్మలో దీవులు. "ఇవేమిటమ్మా?" అని ఫోన్ చేశాను.

"సర్‌ప్రైజ్ అక్కా! రెండో ఏడాది ప్రకటన. వచ్చే సంవత్సరం దీవులు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి. మాటర్ స్పాన్సర్ ఓకే చెయ్యాలి, మీరు డిజైన్ చేసి ఉంచండి."

ఇంకో ఏడాది! ఫోను పెట్టేసి ఫైలు తెరిచాను. వాడి బొమ్మ పక్కన ఖాళీ చోటుంది, రెండు లైన్లు పట్టే చోటు. కొట్టాను.

ఈదింది చాలు చిన్నోడా.
అన్నకి కిడ్నీ ఇవ్వు.

అక్షరాలు ఎర్రగా, నల్ల అంచుతో పెట్టాను. సైజు చక్కగా కుదిరింది. చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం అసలు మాటర్ వచ్చింది, "ఆగని అలలు, వచ్చే ఏడాది దీవులు" అని. దాన్ని ఇంకో ఫైలులో పెట్టి సేవ్ చేశాను. ఇది మాత్రం ఎందుకో తీసెయ్యబుద్ధి కాలేదు. ఇంతలో ఆసుపత్రి నుంచి ఫోను, మా ఆయనకి బీపీ పడిపోయిందని. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తాను. దారిలోంచి బాబాయికి ఫోన్ చేసి "ఆ చెరువు బ్యానర్ వేసెయ్ బాబాయ్, పొద్దున్నే పట్టుకెళతారు," అన్నాను. "ఊఁ," అన్నాడు.

ఊఁకొట్టు బాబాయి పనిలో లోటు చెప్పలేను. ఎరుపు ఎరుపులా పడుతుంది, ముఖాల్లో పచ్చదనం రాదు. కానీ ఆయన రంగు చూస్తాడు, అక్షరం చదవడు. ఇన్నేళ్ళలో ఆయన అచ్చేసిన మాటల్లో ఒక్కటి కూడా చదివి ఉండడు, అది నా పని అనుకుంటాడు. స్క్రీన్ మీద ఏది తెరిచి ఉందో అది వేశాడు, ఆరబెట్టాడు, చుట్టాడు, కాగితం చుట్టి గోడకి ఆనించాడు. పొద్దున్నే, నేనింకా ఆసుపత్రిలో ఉండగానే, షోరూము వాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. నేను కావాలనే చేశానని ఇప్పటికీ అంటారు. అనుకోనివ్వండి. నిజంగా కావాలని చేసే తెలివే ఉంటే అంతకాలం ఆగేదాన్నా?

ఆ శనివారం చెరువు గట్టు మీద షామియానా, కుర్చీలు, మైకు, చెవులు చిల్లులు పడే పాటలు. ఆసుపత్రి నుంచి ముందురోజే ఇంటికొచ్చిన మా ఆయన్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు, "స్ఫూర్తిప్రదాత" అని ఛాతీకి బ్యాడ్జీ తగిలించి. స్పాన్సర్ నీళ్ళ బాటిళ్ళ కంపెనీ యజమాని. ఆయన నవ్వుతూ వచ్చి మా ఆయన ఒళ్ళో బహుమతి పెట్టాడు. ఏమిటనుకున్నారు? నీళ్ళ డబ్బా! ఇంత పెద్దది, రిబ్బను కట్టి. గుక్కలు లెక్కపెట్టుకుని తాగేవాడి ఒళ్ళో నీళ్ళ డబ్బా. మా ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఫొటోకి నవ్వాడు కూడా. నాకు అక్కడే ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండిట్లో కోపాన్నే పైకి రానిచ్చాను.

మరిది అవతలి గట్టు నుంచి ఈదుకుంటూ వచ్చాడు. యాంకరమ్మ అరుపులు, జనం ఈలలు. ఒడ్డెక్కి చేతులు పైకెత్తాడు. తోడికోడలు ఒక చేత్తో వీడియో తీస్తూ రెండో చేత్తో తాడు లాగింది. బ్యానర్ గలగలా కిందికి జారింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. గట్టు అంతటికీ కనబడేలా, ఎర్రటి అక్షరాల్లో, నా నోరే అక్కడ వేలాడుతోంది.

యాంకరమ్మ వెనక్కి తిరిగి, యాంకర్లకి అలవాటైన ఉత్సాహంతో గుక్కతిప్పుకోకుండా చదివేసింది. "ఈదింది చాలు చిన్నోడా! అన్నకి కిడ్నీ ఇవ్వు! వావ్! ఏం సర్‌ప్రైజ్ అండీ ఇది! చప్పట్లు!" జనం ఇది కార్యక్రమంలో భాగమే అనుకున్నారు. చప్పట్లు మార్మోగిపోయాయి. ఫోన్లన్నీ పైకి లేచాయి. మరిది నెమ్మదిగా వెనక్కి తిరిగి చదువుకున్నాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఎదురుగా ఇంతమంది, ఇన్ని కెమెరాలు, పక్కనే యాంకరమ్మ చాపిన మైకు. ఏడాదిగా మైకు కనబడితే ఏం చెయ్యాలో వాడికి అలవాటైపోయింది. పట్టుకున్నాడు.

"ఇస్తాను!" అని అరిచాడు. "మా అన్నయ్యకి నా కిడ్నీ ఇస్తాను!"

ఈలలే ఈలలు. బాటిళ్ళ యజమాని వాణ్ణి కౌగిలించుకుని తన కోటు తడుపుకున్నాడు. ముసలాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను మాత్రం ఒక్క ముక్క నమ్మలేదు. వాడు "దీవులు" అన్నా అదే గొంతు, "కిడ్నీ" అన్నా అదే గొంతు.

మా ఆయన నీళ్ళ డబ్బా కింద పెట్టి లేచాడు. బ్యాడ్జీ పీకేశాడు. "ఒట్టు తప్పావు," అన్నాడు నాతో. "నేను అడగలేదు. ఊరందరి ముందు నన్ను ముష్టివాణ్ణి చేశావు." ఆయాసపడుతూ నడిచి వెళ్ళి, బ్యానర్లు మోసే మా పాత వ్యానులో ముందు సీట్లో కూర్చున్నాడు.

మిగిలింది నేను. పోయిన ఒట్టు ఎలాగూ పోయింది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి మరిది చెయ్యి పట్టుకున్నాను. "పద."

"ఎక్కడికి వదినా? ఇంటర్వ్యూలున్నాయి..."

"ఆసుపత్రికి. ఇస్తానన్నావు కదా. ఇవ్వు."

"ఇప్పుడా? ఏదో ఊపులో అన్నాను వదినా. ఇలాంటివి ముందు ఇంట్లో అందరం కూర్చుని..."

"ఇంట్లో అందరూ వ్యానులోనే ఉన్నారు. నడు."

తోడికోడలు అడ్డం పడుతుందనుకున్నాను. నాకొచ్చిన తిట్లన్నీ నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను. ఆ పిల్ల ఫోను దించేసింది, వాడి బట్టల సంచి తెచ్చి వ్యాను వెనక పడేసింది. "వెళ్ళు," అంది మొగుడితో. అంతే. నా తిట్లు నోట్లోనే ఉండిపోయాయి.

వెనక బ్యానర్ చుట్టల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు మరిది. ముందు అన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను వ్యాను తోలుతున్నాను, నోరు కూడా తోలుతున్నాను. ఏడాదిగా దాచుకున్నదంతా కక్కేశాను. పోస్టర్లు, స్టిక్కర్లు, ఉక్కు కిడ్నీలు, దీవులు, దేన్నీ వదల్లేదు. ఆఖరికి వాడు అన్నాడు.

"నాకు భయం వదినా."

"భయమా! నీకా! పాములున్నాయన్న గుంతలో దూకినవాడివి!"

"నీళ్ళలో నా చేతులు నా మాట వింటాయి. అక్కడ పడుకోబెట్టి కళ్ళు మూయిస్తారు. మళ్ళీ తెరుస్తానో లేదో. డాక్టరమ్మ ఆ మాట అన్న రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఏదో ఒకటి చెయ్యాలి, అది తప్ప ఇంకేదైనా చేసెయ్యాలి అనిపించింది. అదే చేశాను." ఏడుస్తున్నాడు. చెరువు నీళ్ళనుకుందామంటే కుదరలేదు, ముక్కు చీదుతున్నాడు.

ఛీ, ఇందుకా ఇంత ఆర్భాటం! ఇంత మనిషి, సూదికి జడిసి ఊళ్ళో నీళ్ళన్నీ కలియదిప్పాడు! రోడ్డు పక్కకి తీసి వ్యాను ఆపేశాను, వాడి వైపు తిరిగి కడిగేద్దామని. నోరు తెరిచేలోపు మా ఆయన మాట్లాడాడు.

"నాకూ భయమేరా."

కిటికీ వైపే చూస్తూ అన్నాడు. పదహారేళ్ళు కాపురం చేశాను, ఆ మాట ఆ నోట్లోంచి నేనెప్పుడూ వినలేదు. నాకు కూడా చెప్పలేదు పాపిష్టి మనిషి.

"ఆ కుర్చీలో పడుకున్న ప్రతిసారీ ఇవాళ లేస్తానా లేదా అనుకుంటాను. పక్క కుర్చీ ఆయన పోయిన నెల లేవలేదు. నేనింకా బతకాలిరా. దీన్ని ఒక్కదాన్నీ వదిలి వెళ్ళాలని లేదు." ఆయాసం తగ్గేదాకా ఆగాడు. తర్వాత మొత్తం వెనక్కి తిరిగాడు, తమ్ముడి ముఖంలోకి చూశాడు. "బ్యానర్ సంగతి వదిలెయ్. మైకు సంగతి కూడా వదిలెయ్. అవేవీ నేనన్నవి కావు. ఇప్పుడు నేను అడుగుతున్నాను. నీ కిడ్నీ ఒకటి నాకు ఇస్తావారా? భయమైతే వద్దను. ఏమీ అనుకోను."

వాళ్ళ నాన్న వింటే ఏమనేవాడో, నాకనవసరం. నేను స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను. లారీలు పోతున్నాయి, వ్యాను ఊగుతోంది.

"ఆపేశావెందుకు వదినా," అన్నాడు చివరికి. "పోనీ."

కౌంటర్ వెనక అమ్మాయి తల ఎత్తలేదు. "పేషెంటా, డోనరా?"

మరిది నోరు తెరిచాడు. మాట రాలేదు. తువ్వాలు భుజాల మీద అలాగే ఉంది, జుట్టులోంచి నీళ్ళు కారి కాళ్ళ దగ్గర మడుగు కట్టాయి. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. నేనే చెప్పేద్దామని ముందుకి వెళ్ళబోతే మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"డోనర్," అన్నాడు వాడు.

"ఏంటండీ? వినబడట్లేదు. కాస్త గట్టిగా చెప్పండి."

"డోనర్ని," అన్నాడు మళ్ళీ, అంతకంటే చిన్నగా, కౌంటర్ బల్లని రెండు చేతులతో పట్టుకుని. "మా అన్నకి."

చెరువు గట్టు మీద అరిచింది నేను నమ్మలేదు. ఇది నమ్మాను.